పేగుల్లో బ్యాక్టీరియాకు, బీపీకి లింకేంటి?

ఇంట్లో నాన్న వేసుకునే బీపీ మాత్ర, ఉద్యోగానికి ముందు మీరు ఎదుర్కొనే మెడికల్ టెస్టు, రేపు మీరు ఎంచుకోబోయే కెరీర్... ఈ మూడింటినీ కలిపే సబ్జెక్టు ఒకటుంది. పేగుల్లోని సూక్ష్మజీవుల మీద పదేళ్లుగా జోరుగా సాగుతున్న పరిశోధన అది. ఇందులో తేలిందెంత, తేలాల్సిందెంత, మీకు పనికొచ్చేదేంటి?

అమలాపురం పక్కనే ఉన్న బండారులంక చేనేత చీరలకు పేరున్న ఊరు. మగ్గం ముందు గంటల తరబడి కూర్చునే అమ్మానాన్నల పిల్లలు ఇవాళ డిగ్రీలు, ఇంజినీరింగులు చదువుతున్నారు. వాళ్లలో మీరూ ఒకరైతే ఈ ప్రశ్న ఏదో ఒకరోజు మీకూ ఎదురవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూపించి అమ్మ అడుగుతుంది. ‘పొట్ట బాగుంటే బీపీ దానంతటదే తగ్గిపోతుందంట. పెరుగు, ప్రోబయాటిక్ వాడితే చాలంట. మాత్రలు ఆపేయొచ్చా? నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు’ అని.

మెసేజ్‌లో సగం నిజముంది. చిక్కంతా ఆ సగంతోనే. ఏది నిజమో, ఏది కాదో విడదీసి చెప్పగలిగితే ఇంట్లో ఒక ప్రాణానికి కాపు కాసినట్టే. అలా విడదీయడమే వృత్తిగా ఉన్న ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

మన ఊళ్ల లెక్క ఇదీ

బీపీ పట్నం జబ్బు అన్న మాట ఎప్పుడో పాతబడింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాది పాటు జరిగిన మరణాలన్నింటికీ కారణాలు వెతికారు. ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్’ పేరుతో జరిగిన ఆ అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. చనిపోయినవారిలో దాదాపు 32 శాతం మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అంటురోగాలతో పోయినవారి కంటే ఇది చాలా ఎక్కువ. ఈ జబ్బుల వెనక ఉండే పెద్ద కారణాల్లో అధిక రక్తపోటు ఒకటి.

ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసి 2023లో ప్రచురించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం, పెద్దవాళ్లలో 35 శాతానికి పైగా అధిక రక్తపోటు ఉన్నవారే. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. బీపీకి చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. అందుకే పక్షవాతమో గుండెపోటో వచ్చాక గానీ సంగతి తెలియదు.

రొయ్యల చెరువుతో పోల్చి చూడండి

కోనసీమలో రొయ్యల సాగు గురించి తెలియనివాళ్లు తక్కువ. చెరువు నీళ్లలో మంచి బ్యాక్టీరియా పెరగాలని రైతు ప్రోబయాటిక్ చల్లుతాడు. విబ్రియో లాంటి చెడ్డ బ్యాక్టీరియా పైచేయి సాధిస్తే పంట పోతుంది. అయితే మేత మితిమీరి, అడుగు కుళ్లిపోయిన చెరువులో ఎన్ని సంచుల పొడి చల్లినా ఏం లాభం? ఈ సంగతి రైతుకు బాగా తెలుసు. ముందు మేత, నీరు సరిచేయాలి.

మన పెద్దపేగు కూడా అలాంటి చెరువే. అందులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్నదాంట్లో మనకు అరగని పీచు పదార్థం వాటికి మేత. ఆ పీచును అవి పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలను తయారు చేస్తాయి. వాటిలో కొంత భాగం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. బీపీ కథ ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్త జెనిఫర్ ప్లజ్నిక్ బృందం 2013లో ఒక వింత సంగతి బయటపెట్టింది. ముక్కులో వాసన పసిగట్టే రిసెప్టర్ల కుటుంబానికి చెందిన ఒకటి చిట్టెలుకల మూత్రపిండాల్లోనూ ఉంది. బ్యాక్టీరియా తయారుచేసిన ఆ చిన్న ఆమ్లాలను అది గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే రెనిన్ విడుదలై బీపీ పెరిగే వైపు పోతుంది. అవే ఆమ్లాలు మరో రిసెప్టర్‌ను తాకితే మాత్రం బీపీ తగ్గుతుంది. ఒకటి పైకి లాగుతుంటే ఇంకొకటి కిందికి లాగుతోందన్నమాట. ‘ఫలానా బ్యాక్టీరియా మంచిది, మింగేయండి’ అన్నంత తేలిక కాదని ఈ ఒక్క ప్రయోగంతోనే అర్థమవుతుంది.

ఉప్పు ఎక్కువైతే...

ఉప్పు తింటే బీపీ పెరుగుతుందని అందరికీ తెలుసు. ఉప్పు నీటిని పట్టి ఉంచి రక్తం పరిమాణం పెంచుతుందని పుస్తకాల్లో చదివాం. 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం మరో దారి చూపించింది. బెర్లిన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన పని అది. చిట్టెలుకలకు ఉప్పు ఎక్కువ పెడితే వాటి పేగుల్లో ఒక రకం లాక్టోబాసిల్లస్ తగ్గిపోయింది. వాపును రేపే టీహెచ్-17 అనే రోగనిరోధక కణాలు పెరిగాయి. బీపీ కూడా పెరిగింది. ఆ బ్యాక్టీరియాను తిరిగి ఎక్కిస్తే పరిస్థితి కొంత మెరుగుపడింది. తర్వాత 12 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు రోజూ తినేదానికి అదనంగా 6 గ్రాముల ఉప్పు చొప్పున రెండు వారాలు ఇచ్చి చూశారు. వాళ్లలోనూ బీపీ పెరిగింది, లాక్టోబాసిల్లస్ తగ్గింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే తినమంటోంది. అంటే తలగొట్టిన ఒక టీస్పూన్, అంతే. ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే ఉంది. ఇక మన కంచం చూడండి. ఆవకాయ, అప్పడం, వడియాలు, ఎండుచేపల పులుసు... వీటికి తోడు హాస్టల్ గదిలో రాత్రి పదకొండింటికి నూడుల్స్, చిప్స్. ‘ఊరగాయలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది’ అని ఎవరైనా అంటే నమ్మేయకండి. మన ఆవకాయ ఎక్కువగా ఉప్పు, నూనె, పులుపు బలంతో నిలవ ఉండేది. అందులో బ్యాక్టీరియా సంగతి ఎలా ఉన్నా, ఉప్పు మాత్రం గ్యారంటీ.

ఎలుక నుంచి మనిషి దాకా ఎన్ని మెట్లు?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. సైన్స్ వార్తను ఎలా తూచాలో నేర్పే భాగం ఇదే.

మొదటి మెట్టు, ‘కలిసి కనిపించడం’. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బృందం 2015లో అధిక రక్తపోటున్న ఎలుకల పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం తగ్గిందని, రకాల మధ్య సమతూకం తప్పిందని చూపింది. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ఆ సమతూకం మారి బీపీ కూడా తగ్గింది. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను బలి తీసుకున్న స్ప్రూ కూడా పేగు జబ్బే. గోదావరి గడ్డకు, ఈ సబ్జెక్టుకు అంత పాత చుట్టరికం ఉంది.

రెండో మెట్టు, ‘కారణమా, కాదా’. 2010లో మాతం విజయ్‌కుమార్ తొలి రచయితగా ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోగనిరోధక వ్యవస్థలో ఒక జన్యువు లేని చిట్టెలుకలకు ఊబకాయం, అధిక రక్తపోటు లాంటివి వచ్చాయి. వాటి పేగు బ్యాక్టీరియాను, అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన మామూలు చిట్టెలుకలకు ఎక్కిస్తే ఆ లక్షణాల్లో చాలా వరకు వాటికీ వచ్చేశాయి. 2017లో చైనా శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. బీపీ ఉన్న మనుషుల మలం నుంచి తీసిన బ్యాక్టీరియాను అలాంటి చిట్టెలుకల్లోకి పంపితే వాటి బీపీ పెరిగింది.

మూడో మెట్టు, ‘మనిషికి పనిచేస్తుందా’. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సీన్ మార్కస్ బృందం 2023లో ప్రచురించిన ట్రయల్ ఇందుకు మంచి ఉదాహరణ. మందులు మొదలుపెట్టని 20 మంది బీపీ రోగులకు, పేగు బ్యాక్టీరియాకు మేతగా పనికొచ్చే ప్రత్యేకమైన మొక్కజొన్న పిండిపదార్థం మూడు వారాలు ఇచ్చారు. అసిటేట్, బ్యుటిరేట్ విడుదలయ్యేలా తయారుచేసిన పిండి అది. 24 గంటల సగటులో పై బీపీ 6 పాయింట్ల వరకు తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ పాల్గొన్నది 20 మంది, చూసింది మూడు వారాలు.

వెంటనే దీని పక్కన ఇంకో ఫలితం పెట్టి చూడండి. చైనాలో వంద మందికి పైగా బీపీ రోగులకు, ఆరోగ్యవంతుల పేగు బ్యాక్టీరియాను క్యాప్సూళ్లలో ఇచ్చి చూశారు. 2025లో ఫలితాలు వచ్చాయి. మొదట్లో కాస్త తగ్గినట్టు కనిపించినా, నెల తిరిగేసరికి ఉత్తుత్తి క్యాప్సూల్ వేసుకున్నవారికి, వీరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎలుకలో నెగ్గింది మనిషిలో నెగ్గలేదు.

కాబట్టి ఇప్పటికి తేలింది ఇదీ: పేగు బ్యాక్టీరియాకు, బీపీకి సంబంధం ఉంది. దాన్ని మందుగా మార్చే పని ఇంకా పూర్తికాలేదు.

అమ్మకు ఏం చెప్పాలి?

‘మాత్ర ఆపొద్దు’ అని చెప్పండి. బీపీ నార్మల్ చూపిస్తోందంటే చాలాసార్లు అది మాత్ర చేస్తున్న పనే. ఆపితే మళ్లీ పెరుగుతుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టరే చెప్పాలి. ప్రోబయాటిక్ డబ్బా ఏదీ బీపీ మాత్రకు బదులు కాదు.

మాత్రతో పాటు ‘చెరువు మేత’ సరిచేయొచ్చు. దానికి డబ్బు పెట్టి కొనాల్సిందేమీ లేదు. పీచుకు కోనసీమ వంటింట్లో కొదవ లేదు. పచ్చి అరటికాయ, కంద, పనసపొట్టు, తోటకూర, బచ్చలి, పొట్టుతో ఉన్న మినుములు, పెసలు... అన్నీ అవే. రావులపాలెం మార్కెట్‌కు గెలలు గెలలుగా వచ్చే అరటిలో, కాయ దశలో ఉన్నప్పుడు, అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లే పిండిపదార్థం ఎక్కువ. చల్లారిన అన్నంలోనూ అది కొంత ఏర్పడుతుంది. పెద్దల కాలపు చద్దన్నం, తరవాణిలో పులియబెట్టే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. అయితే మోనాష్‌లో వాడిన పిండి, మన అరటికాయ ఒకటి కాదు. ‘తరవాణి తాగితే బీపీ తగ్గుతుంది’ అని రాసేంత రుజువు లేదు. మంచి ఆహారంగా తినండి, మందని మాత్రం అనకండి. కిడ్నీ సమస్య ఉన్నవారు అరటి, కొబ్బరినీళ్ల లాంటి పొటాషియం ఎక్కువున్న వాటిని డాక్టర్‌ను అడిగే తీసుకోవాలి.

ఇంకో మాట. జలుబు చేసిన ప్రతిసారీ మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని రెండు రోజులు మింగే అలవాటు మీ ఇంట్లో ఉంటే మాన్పించండి. వైరస్ జలుబుకు అది పనిచేయదు. పేగులోని మంచి బ్యాక్టీరియాను మాత్రం దెబ్బతీస్తుంది.

మీ బీపీ ఎంత? మెడికల్ టెస్టుకు ముందే చూసుకోండి

‘ఇరవై రెండేళ్లకే నాకు బీపీ ఏంటి?’ అనుకోకండి. పోలీసు, సైన్యం, రైల్వే ఉద్యోగాలకు రాత పరీక్ష, ఫిజికల్ దాటాక వైద్య పరీక్షలో బీపీ కొలుస్తారు. ఏళ్ల తరబడి కోచింగ్, నిద్రలేని రాత్రులు, కదలకుండా కూర్చోవడం, బయటి తిండి... ఇవన్నీ కలిసి చేసే చేటు ఆ రోజు బయటపడితే బాధే. ఏడాదికి ఒక్కసారైనా దగ్గర్లోని పీహెచ్‌సీలోనో, విలేజ్ క్లినిక్‌లోనో చూపించుకోండి.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రం ఆపుకొని కూర్చోవద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక కొలిపించుకోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డాక్టర్ కోటు చూడగానే గుండె దడదడలాడి బీపీ పెరిగేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఒక్క రీడింగ్‌తో కంగారు పడొద్దు, ఒక్క రీడింగ్‌తో ధీమాగానూ ఉండొద్దు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

తేలని సంగతులు ఇన్ని ఉన్నాయంటే చేయాల్సిన పని కూడా అంత ఉన్నట్టే. అయితే ఈ రంగంలో డిగ్రీ చేతికి రాగానే లక్షల జీతం రాదు. ఎవరి దారి ఎలా ఉంటుందో చూడండి.

బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ: డిగ్రీతోనే అయితే ఫార్మా, ఫుడ్, ఆక్వా ల్యాబ్‌లలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలు దొరుకుతాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే ఎమ్మెస్సీ తప్పనిసరి అనుకోండి. ఏపీ పీజీసెట్, సీయూఈటీ-పీజీ, ఐఐటీ జామ్, గ్యాట్-బి పరీక్షలు అందుకు దారులు. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్‌లో మైక్రోబయాలజీని ఒక సెక్షన్‌గా ఎంచుకోవచ్చు. పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000, దానికి తోడు నిబంధనల ప్రకారం ఇంటి అద్దె భత్యం. తాజా నోటిఫికేషన్ చూశాకే దరఖాస్తు చేయండి.

కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్: మీకిది సంబంధం లేని సబ్జెక్టు అనుకుంటే పొరపాటే. ఒక్క మలం శాంపిల్ నుంచి వేల సంఖ్యలో డీఎన్‌ఏ ముక్కల సమాచారం వస్తుంది. ఏ బ్యాక్టీరియా ఎంతుందో లెక్క తేల్చేది ప్రోగ్రామే. ఆర్, పైథాన్ నేర్చుకుని చైమ్-2 లాంటి ఉచిత టూల్ మీద పట్టు సాధిస్తే బయోఇన్ఫర్మాటిక్స్ గ్రూపుల్లో అవకాశం ఉంటుంది. టీసీఎస్ పుణె పరిశోధన కేంద్రంలో షర్మిలా మండే బృందం ఏళ్ల తరబడి చేసింది ఈ తరహా పనే.

ఫుడ్ టెక్నాలజీ, న్యూట్రిషన్, హోమ్‌సైన్స్: హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగానికి పెద్ద దిక్కు. 1918లో కూనూర్‌లో చిన్న విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది.

నర్సింగ్, ఫార్మసీ, ఎంఎల్‌టీ: పెద్ద ఆసుపత్రుల్లో క్లినికల్ ట్రయల్స్ నడిపే కోఆర్డినేటర్లు ఎక్కువగా ఈ కోర్సుల నుంచే వస్తారు. రోగితో ఓపిగ్గా తెలుగులో మాట్లాడి, ట్రయల్ అంటే ఏంటో చెప్పి, అనుమతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. మన యాసలో అర్థమయ్యేలా చెప్పగలగడం ఇక్కడ అదనపు అర్హత.

ఆర్ట్స్, సోషల్ వర్క్: ఊళ్లలో సర్వే చేసే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు లేకపోతే ఏ అధ్యయనమూ జరగదు. పైన చెప్పిన 45 గ్రామాల లెక్క ఇంటింటికీ వెళ్లి అడిగితేనే తేలింది. ఆ అనుభవంతో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చేయొచ్చు.

మన పేగుల మీద పని ఇంకా మిగిలే ఉంది

మన దేశంలో అందరి పేగులూ ఒకేలా లేవు. భోపాల్ ఐసర్ శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్, కేరళలకు చెందిన 110 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ధాన్యం, కూరగాయలు ఎక్కువ తినే భోపాల్ ప్రాంతంవారిలో ప్రివొటెల్లా రకం ఎక్కువ కనిపించింది. చేపలు, మాంసం కూడా తినే కేరళవారిలో వేరే రకాలు. మరి అన్నం, చేపలు, కొబ్బరి, ఆవకాయ కలిపి తినే గోదావరి లంకల మనిషి సంగతేంటి? ఇక్కడి బీపీకి ఇక్కడి తిండికి మధ్య ఏ బ్యాక్టీరియా ఉంది? ఈ ప్రశ్న అడగడానికి ఇక్కడ పుట్టినవాళ్ల కంటే తగినవాళ్లెవరు?

ఇప్పుడే మొదలుపెట్టండి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. బీపీ మీద దేశంలో ఏ ట్రయల్స్ నడుస్తున్నాయో, ఎక్కడ నడుస్తున్నాయో, ఎవరు చేస్తున్నారో చూసి రాసుకోండి. ఉద్యోగాల కోసం ఈమెయిల్ పెట్టాల్సిన ల్యాబ్‌ల జాబితా మీకు అక్కడే తయారవుతుంది. స్వయం, ఎన్‌పీటెల్ వేదికల్లో మైక్రోబయాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు ఇంటర్నెట్‌లో దొరికిన పాత ఫైలు కాపీ కొట్టకండి. మీ ఊళ్లో యాభై ఇళ్లు ఎంచుకుని నెలకు ఎంత ఉప్పు కొంటున్నారో, వారానికి ఎన్నిసార్లు ఆకుకూర వండుతున్నారో, బీపీ మాత్ర మధ్యలో ఎందుకు ఆపేశారో అడిగి లెక్క కట్టండి. మీ లెక్చరర్ మార్గదర్శనంలో, వాళ్ల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా చేయండి. రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కంటే ఆ ఒక్క ప్రాజెక్టు గురించే ఇంటర్వ్యూ బోర్డు ఎక్కువసేపు అడుగుతుంది.

అడిగే ప్రశ్న బహుశా ఇలా ఉంటుంది. ‘బీపీ ఉన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉందంటున్నారు. దానివల్లే బీపీ వచ్చిందా, లేక వాళ్ల వయసు, తిండి, వేసుకునే మాత్రల వల్ల బ్యాక్టీరియా మారిందా?’ గబగబా అవుననో కాదనో చెప్పకండి. ఏయే వివరాలు సేకరిస్తారో, ఎవరిని ఎవరితో పోలుస్తారో, ఎన్నాళ్లు గమనిస్తారో చెప్పండి. వాళ్లు వినాలనుకునే జవాబు అదే.